ఒంటరి ఆడ మొక్క అంతకాలం ఎందుకు పూస్తుంది?

హైదరాబాద్‌లో ఏదో ఒక ఇంట్లో పూలకుండీల్లో గంజాయి మొక్కలు దొరికాయన్న వార్త అప్పుడప్పుడు పత్రికల్లో కనిపిస్తూనే ఉంటుంది. అలాంటి వార్త చదివిన ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం: ఈ మొక్కల్లో మగవాటిని ముందుగానే పీకేస్తారట, మందారానికీ ఉమ్మెత్తకీ లేని ఆడామగా తేడా దీనికెందుకు వచ్చింది, మగ మొక్క పక్కన ఉంటే జరిగే నష్టమేమిటి? చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఈ మొక్కను పెంచడం నేరం, శిక్ష 10 ఏళ్ల కఠిన కారాగారం దాకా ఉంటుంది. కాబట్టి జవాబును వృక్షశాస్త్ర చరిత్రలో వెతుక్కోవాలి. అక్కడ కూడా కుండీలున్నాయి.

ఆ కుండీలు స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ లినేయస్‌వి. మొక్కల్లో లింగభేదం ఉందని రుజువు చేయమంటూ సెయింట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞాన అకాడమీ పెట్టిన పోటీకి 1760లో ఆయన సమర్పించిన వ్యాసంలో ఈ ప్రయోగం వివరంగా ఉంది. స్వీడన్‌లో నారకోసం పండించే గంజాయి జాతి మొక్క, అంటే హెంప్ విత్తనాలను ఆయన ఏప్రిల్ నెలలో రెండు కుండీల్లో చల్లి, ఒకదానికొకటి దూరంగా ఉన్న రెండు గదుల్లో కిటికీల దగ్గర పెట్టాడు. (మన జనుము వేరే కుటుంబానికి చెందిన మొక్క, దానికీ దీనికీ చుట్టరికం లేదు.) ఒక కుండీలో ఆడ, మగ మొక్కలను కలిసి పెరగనిచ్చాడు. రెండో కుండీలో మగ మొక్కలు గుర్తుపట్టేంత ఎదగగానే వాటన్నిటినీ తీసేశాడు. మొదటి కుండీలో పుప్పొడి రాలిన వెంటనే ఆడ పూల కీలాగ్రాలు (పుప్పొడిని అందుకునే కొసలు) వాడిపోయి, జూలై నాటికి గింజలు పండాయి. రెండో కుండీలోని ఆడ మొక్కలు మాత్రం పొడవాటి లేత కీలాగ్రాలను చాలాకాలం పచ్చగా నిలుపుకొన్నాయి, జోడీ కోసం ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయని లినేయస్ రాశాడు. చివరికి అవి వాడిపోయాయి, ఒక్క మంచి గింజ కూడా పట్టలేదు.

ఎదురుచూపు అన్న మాట అందంగా ఉంది కానీ, మొక్కకు విరహం అంటగట్టనక్కర లేదు. పరాగరేణువు, అంటే పుప్పొడి రేణువు, కీలాగ్రం మీద పడి మొలకెత్తడమే ఆ పువ్వుకు ఇక పని ముగిసిందన్న సంకేతం. ఆ సంకేతం అందిన పువ్వు వాడుతుంది, ఆకుల్లో తయారయ్యే చక్కెరలు అండాశయం వైపు మళ్లుతాయి. గింజ ఖరీదైన సరుకు: హెంప్ గింజ బరువులో మూడో వంతు దాకా నూనె, నాలుగో వంతు మాంసకృత్తులు. సంకేతం అందని మొక్క ఆ ఖర్చు పెట్టకుండా కొత్త పూలు వేస్తూ పోతుంది, ఆ పూలను చుట్టిన చిరు పత్రాల మీద బంకనూరే గ్రంథి కేశాలను పెంచుతూ పోతుంది. మత్తునిచ్చే పదార్థం ఉండేది ఆ బంకలోనే, గింజలో లేదు. మగ మొక్కలను పీకేయడం వెనక ఉన్న రహస్యమంతా ఇదే. బ్రిటిష్ ప్రభుత్వం 1893-94లో నియమించిన గంజాయి విచారణ సంఘం నివేదికలో, బెంగాల్‌లోని నౌగావ్ ప్రాంతపు పొలాల్లో సాళ్ల వెంట నడుస్తూ మగ మొక్కలను ఏరివేసే నిపుణుల ప్రస్తావన ఉంది. వాళ్లను ‘గంజా డాక్టర్లు’ అనేవారు. ఒక్క మగ మొక్కను చూడకుండా వదిలితే ఎంత నష్టమో వాళ్లకు తెలుసు, ఎందుకంటే ఈ పుప్పొడికి తేనెటీగతో పని లేదు, గాలి చాలు. ఉత్తర మొరాకోలో సాగయ్యే గంజాయి పుప్పొడి మధ్యధరా సముద్రం దాటి దక్షిణ స్పెయిన్ గాలిలో చిక్కిందని 1990లలో స్పెయిన్ శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

ఇంతవరకు కథ సులువుగా ఉంది. అసలు ఆసక్తికరమైన చిక్కు లినేయస్ కంటే ముందే వచ్చింది. జర్మనీలోని ట్యూబింగెన్‌లో రుడాల్ఫ్ కమెరారియస్ 1694లో మొక్కలకు లింగభేదం ఉందని ప్రయోగాలతో చూపించాడు. ఆముదం, మల్బరీ ఆయన మాట విన్నాయి. హెంప్ వినలేదు: మగ మొక్కలకు దూరంగా ఉంచిన ఆడ మొక్కలకు కూడా కొన్ని గింజలు పట్టాయి. దానికి కారణం గాలి కావచ్చు. ఆడ మొక్క మీదే దాగిన రెండు మూడు మగ పూలు కూడా కావచ్చు. ఈ రెండో అవకాశం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నాను.

గంజాయి మొక్క కణంలో 20 క్రోమోజోములు, అంటే 10 జతలు. వాటిలో ఒక జత మనలో ఉన్నట్టే లింగ క్రోమోజోములు: ఆడ మొక్కలో ఎక్స్ఎక్స్, మగ మొక్కలో ఎక్స్‌వై. విత్తనం పడ్డప్పుడే లింగం ఖాయమైపోయిందని దీన్నిబట్టి అనుకుంటాం. నిజానికి క్రోమోజోములు చేసేది త్రాసులో మొదటి తూకపురాయి వేయడం మాత్రమే. ఒక పళ్లెంలో ఇథిలీన్ అనే వాయురూప హార్మోను, అది బరువెక్కితే ఆడ పువ్వు. రెండో పళ్లెంలో జిబ్బరెలిన్ అనే మరో హార్మోను, అది బరువెక్కితే మగ పువ్వు. ఈ త్రాసును చేత్తో వంచి చూపినవాళ్లు మనవాళ్లే కావడం నాకు ప్రత్యేకమైన సంతోషం. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో హెచ్.వై. మోహన్‌రామ్, ఆయన సహచరులు 1970లో ఇథిలీన్‌ను విడుదల చేసే రసాయనంతో మగ గంజాయి మొక్కల మీద ఆడ పూలు పూయించారు. 1972లో జిబ్బరెలిన్లతో ఆడ మొక్కల మీద మగ పూలు పూయించారు. 1982లో వెండి లవణాలతోనూ ఆడ మొక్కల మీద పుప్పొడినిచ్చే మగ పూలను రప్పించారు. ఈ మూడోది మిగతా రెండింటి వంటిది కాదు. వెండి ఏ పళ్లెంలోనూ బరువు వేయదు. ఇథిలీన్‌ను పసిగట్టే గ్రాహక ప్రోటీన్‌లో మామూలుగా ఒక రాగి అయాను ఉంటుంది; దాని చోటును వెండి ఆక్రమిస్తే ఆ గ్రాహకం పని చేయదు. ఇథిలీన్ ఉన్నా మొక్కకు లేనట్టే. ఒక పళ్లెం కింద చెయ్యి పెట్టి ఎత్తిపట్టుకుంటే రెండోది దిగినట్టు, మగ పువ్వు దానంతట అదే వస్తుంది. మొదట వేసిన రాయి మాత్రం కదలదు. అందుకే ఆ మగ పువ్వులోని ప్రతి పరాగరేణువులోనూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది, దాంతో మరో ఆడ మొక్కను ఫలదీకరిస్తే పుట్టేవన్నీ ఆడ మొక్కలే.

రాత్రివేళ వెలుతురు పడటం వంటి ఒత్తిళ్లు కూడా ఆడ మొక్క మీద ఒకటీ అరా మగ పూలను రప్పించగలవు. కమెరారియస్‌ను విసిగించిన గింజలకు ఇది కూడా ఒక సమాధానం. అయితే జిబ్బరెలిన్‌ను ‘మగ హార్మోను’ అని నోట్సులో రాయించే ఉపాధ్యాయులను ఇక్కడ హెచ్చరించాలి: మొక్కజొన్నలో అదే జిబ్బరెలిన్ కేసరాలను అణచి ఆడతనానికి తోడ్పడుతుంది. ఏ పళ్లెంలో ఏది పడుతుందన్నది జాతిని బట్టి మారుతుంది.

మిద్దె తోటల వాళ్లు ఈ త్రాసును చట్టబద్ధంగా చూడాలంటే తీగ కూరగాయలున్నాయి. దోస, గుమ్మడి రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉన్నప్పుడు ఇథిలీన్‌నిచ్చే మందు తగిన మోతాదులో పిచికారీ చేస్తే ఆడ పూలు పెరుగుతాయి. ఇది రైతులకు తెలిసిన పద్ధతే. వానాకాలంలో హైదరాబాద్ మార్కెట్లలో బోడకాకరగా అమ్మే ఆగాకర గంజాయి లాగే ఆడ, మగ తీగలు వేరువేరుగా ఉండే మొక్క. గింజ నాటితే సుమారు సగం మగ తీగలే వస్తాయి కాబట్టి, ఆడదని తెలిసిన తీగ దుంపలనే నాటుకోవాలి, పది ఆడ తీగలకు ఒక మగ తీగనైనా ఉంచాలి; ఇక్కడ మగదాన్ని పీకేస్తే మిగిలేది ఆకులే. పూలు సాయంత్రం చీకటిపడే వేళ విచ్చుకుంటాయి, చేత్తో పుప్పొడి అద్దాలంటే ఆ వేళే అద్దాలి. ఇక మగ బొప్పాయికి మేకు కొడితే ఆడదవుతుందన్న నమ్మకం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. వాతావరణం మారినప్పుడు కొన్ని మగ బొప్పాయిలు పొడవాటి కాడలకు నాలుగు కాయలు కాస్తాయి; ఆ సమయానికి మేకు కొట్టి ఉంటే ఘనత మేకుకు దక్కుతుంది.

మిగిలింది కోత కాలం. గంజాయి పొట్టి పగళ్ల మొక్క, రాత్రి నిడివి పెరిగితేనే పూస్తుంది. ఫ్రాన్స్‌లో జూలియన్ టూర్న్వా 1912లోనే ఈ మొక్కలోనూ దాని బంధువైన హాప్స్‌లోనూ దీన్ని గమనించాడు. పూసిన తర్వాత ఎప్పుడు కోయాలన్నది దేనికోసం పెంచారన్న దాన్నిబట్టి ఉంటుంది. నారకోసమైతే మగ మొక్కలు పుప్పొడి రాల్చే రోజుల్లోనే కోస్తారు, ఆ తర్వాత కాండం కట్టెబారుతుంది. బంక కోసం పెంచేవాళ్లు భూతద్దంతో గ్రంథి కేశాల తలలను చూస్తారు: మొదట గాజులా పారదర్శకంగా, తర్వాత పాలలా, చివరికి తేనె రంగులో ఉంటాయి. మొక్కలో తయారయ్యేది టీహెచ్‌సీ ఆమ్లం. ఎండినప్పుడు, వేడి తగిలినప్పుడు అది మత్తునిచ్చే టీహెచ్‌సీ అవుతుంది, ఇంకా ఆలస్యమైతే గాలికి ఆక్సీకరణం చెంది సీబీఎన్ అనే బలహీనమైన పదార్థంగా దిగజారుతుంది. టీహెచ్‌సీ నిర్మాణాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో మెకౌలం, గవోనీ తేల్చారు. మన చట్టం కూడా కొమ్మ చివరలతో కలిసి లేని ఆకులూ గింజలూ వదిలేసి, పూసిన లేదా కాసిన కొమ్మ చివరలనే ‘గంజాయి’గా నిర్వచించింది, అది వృక్షశాస్త్రానికి దగ్గరగా ఉన్న నిర్వచనమే. గింజల కోసం పెంచేవాళ్లది అన్నిటికంటే కష్టమైన లెక్క: ఒకే గుత్తిలో కింది గింజలు ముదిరి రాలుతుండగా పైవి ఇంకా పాలు పట్టే దశలోనే ఉంటాయి, అన్నీ పండేదాకా ఆగితే ముందు పండినవి నేలపాలో పక్షుల పాలో అవుతాయి.