పరకామణిలో జేబులు ఉండవు

తిరుపతి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాత ఆశీర్వచనాలు.

నాయకుడు మంచివాడైతే ఇన్ని చట్టాలూ కోర్టులూ ఎందుకని మొన్న సెలవుల్లో మీలో పెద్దవాడు అడిగాడు. బస్సు వేళ కావడంతో ఆ పూట జవాబు దాటవేశాను. నిజానికి ఆ ప్రశ్న దాటవేయదగినది కాదు.

1949 నవంబరు 25న, రాజ్యాంగం ఆమోదం పొందడానికి ఒక్కరోజు ముందు, డాక్టర్ అంబేడ్కర్ రాజ్యాంగ సభలో మాట్లాడారు. మన తిరుచానూరులో పుట్టి, తరువాత లోక్‌సభ స్పీకరైన అనంతశయనం అయ్యంగారు కూడా ఆ సభలో సభ్యులే. మతంలో భక్తి ముక్తికి దారి కావచ్చును గాని, రాజకీయాల్లో భక్తి పతనానికీ చివరకు నియంతృత్వానికీ దారి తీస్తుందని ఆనాడు అంబేడ్కర్ హెచ్చరించారు. సుప్రభాతంతో తెల్లవారే ఊళ్లో పెరిగిన నాకు ఆ మాట మొదట మింగుడుపడలేదు.

తరువాత పరకామణి గుర్తుకు వచ్చింది. శ్రీవారి హుండీ కానుకలు లెక్కపెట్టడానికి వెళ్లేవారు భక్తి లేనివారు కారు. అయినా వారు పంచెకట్టుతో, జేబులు లేకుండా కూర్చుంటారు. కెమెరాలు చూస్తూనే ఉంటాయి. బయటికి వచ్చేటప్పుడు తనిఖీ తప్పదు. అది వారి భక్తిని శంకించడం కాదు, సొమ్ము వారిది కాదని గుర్తుచేయడం. అధికారమూ అటువంటి సొమ్మే కనుక, దాన్ని పట్టుకున్న చేతిని చట్టసభ ఒక వైపు నుంచి, న్యాయస్థానం మరొక వైపు నుంచి, అయిదేళ్లకొకసారి ఓటరు ఇంకొక వైపు నుంచి చూస్తూ ఉండేటట్టు ఏర్పాటు చేశారు.

అయితే ఏర్పాటు ఒక్కటే చాలునని అంబేడ్కర్ అనలేదు. రాజ్యాంగం ఎంత మంచిదైనా నడిపేవారు చెడ్డవారైతే అది చెడ్డదే అవుతుందని కూడా ఆ ప్రసంగంలోనే అన్నారు. ఈ రెండో మాట ఎంత నిజమో నాకు 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి విధించాకే తెలిసింది. అప్పుడు నేను చిత్తూరులో ఉండేవాణ్ణి. టీ అంగట్లో బల్ల చరిచి రాజకీయం మాట్లాడేవారు వానల గురించి మాట్లాడుకోసాగారు. విచారణ లేకుండా నిర్బంధించిన వారు, ఆ నిర్బంధం అక్రమమైనా సరే, కోర్టు తలుపు తట్టలేరని 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తులలో కాదన్నవారు హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. తనిఖీ చేయవలసినవారే తలుపు తెరిచి పక్కకు జరిగితే ఏ ఏర్పాటు మాత్రం నిలుస్తుంది?

1977 ఎన్నికల్లో జనం ఆ ప్రభుత్వాన్ని దించివేశారు. మరుసటి ఏడాది 44వ సవరణ వచ్చింది. జీవించే హక్కునూ వ్యక్తి స్వేచ్ఛనూ కాపాడే 21వ అధికరణాన్ని అత్యవసర పరిస్థితిలోనూ పక్కన పెట్టరాదని అది నిర్ణయించింది. దెబ్బ తగిలిన చోటనే కట్టు కట్టారన్నమాట.

అంబేడ్కర్ ప్రసంగం ప్రతి నా బీరువాలో ఉంది. ఆయన విగ్రహానికి దండ వేసేవారిలో దాన్ని చదివినవారు నాకు తక్కువే తారసపడ్డారు. వచ్చే సెలవుల్లో మనం కలిసి చదువుదాం. ప్రధాన న్యాయమూర్తి కావలసిన ఖన్నా గారికి 1977లో ఆ పదవి ఎందుకు దక్కలేదో కూడా అప్పుడే చెబుతాను.

ఇట్లు,
మీ తాత