"చప్పుడు చేయకుండా వెళ్తే చాలు కదన్నా": ఎలుగుబంటి గురించి అపోహలు, వాస్తవాలు

పోయిన బుధవారం రాత్రి మారతహళ్లి నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. మనవాడే, ఒంగోలు. "అన్నా, ఆదివారం ఎలుగుబంటి వేటకెళ్తున్నాం" అన్నాడు. నాకు గుండె జారిపోయింది. "అయ్యో, తుపాకీ కాదన్నా, కెమెరా వేట. రామనగర వైపు ఒక గుహ లొకేషన్ దొరికింది. సరైనదో కాదో మీరు చెబితే చాలు." ఎంతమంది? నలుగురు. ఇంతకుముందు ఎలుగును చూసినవాళ్లున్నారా? జూలో చూశారట. వెంట దారి తెలిసినవాళ్లెవరైనా? "ఎందుకన్నా, మ్యాప్ ఉంది, వీడియోలన్నీ చూసుకున్నాం. చప్పుడు చేయకుండా వెళ్తే చాలు కదా."

బెంగళూరు చుట్టుపక్కల గుట్టలకు వారాంతాల్లో జనాన్ని నడిపించడం పదిహేనేళ్లుగా నా పని. ఈ చివరి మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, భయమూ వేస్తుంది. ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇదే మాట అన్నాను.

ముందు చట్టం సంగతి తేల్చేస్తాను, దాని మీద వాదన అనవసరం. "పర్మిషన్ ఇప్పిస్తే ఎలుగును వేటాడొచ్చా" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మన ఎలుగు మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులితో సమానం. జైలు మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడొచ్చు. చాలామందికి తెలియనిది ఇంకొకటి: ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం కూడా వేటే. ఫొటో కోసమని గుహ ముందు బెల్లమో తేనెసీసానో పెట్టివస్తే మీరు కెమెరా పట్టుకున్న వేటగాడే. (హంపి దగ్గరి దరోజిలో అటవీశాఖే బండల మీద తీపి పూస్తుంది కదా అంటారు. అది శాఖవాళ్లు సొంత అభయారణ్యంలో చేసుకునే పని, మనకు లైసెన్సు కాదు.)

అమెరికాలో ఉన్న బావమరుదులు, కజిన్లు అక్కడి వేట ఫొటోలు పంపి వీళ్లను ఊరిస్తుంటారు. అక్కడ చట్టం వేరు. సీజన్ ఉంటుంది, లైసెన్సు ఉంటుంది. కానీ అలాస్కా నిబంధన చూడండి. అమెరికా పౌరుడు కానివాడు, అక్కడ నివాసం లేనివాడు ఎలుగుతో సహా ఏ పెద్ద జంతువును వేటాడాలన్నా లైసెన్సున్న గైడ్ పక్కన ఉండి తీరాలి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన సొంత పౌరుడికైనా గోధుమరంగు ఎలుగు జోలికెళ్లాలంటే గైడో, అక్కడ స్థిరపడ్డ దగ్గరి బంధువో తోడుండాలి. చేతిలో రైఫిల్ ఉన్నవాడికే ఆ నియమం. మనవాళ్లు సెల్ఫీ స్టిక్కుతో వెళ్తారు.

ఇక అసలు విషయం.

అపోహ: అడవిలో నిశ్శబ్దంగా, గాలికి ఎదురుగా నడవాలి.

ఇది వేటగాళ్ల వీడియోల నుంచి వచ్చిన పాఠం. పిట్టల ఫొటోలు తీసేవాళ్లు కూడా ఇదే నేర్పుతారు. విశాలమైన మైదానంలో, దూరం నుంచి తుపాకీ గురిపెట్టేవాడికి అది పనికొస్తుంది. మన గుట్టల్లో ఏముంది? బండ వెనక బండ, లంటానా పొదలు, ముళ్లకంప. పది అడుగుల అవతల ఏముందో కనబడదు. ఎలుగుకు చూపు, వినికిడి అంతంత మాత్రం. దానికున్న గొప్ప ఆయుధం ముక్కు. మీరు గాలికి ఎదురుగా నడిస్తే మీ వాసన దానికి అందదు. చప్పుడు చేయకపోతే మీ రాక తెలియదు. అంటే అది తప్పుకుని పోవడానికి ఉన్న రెండు దారులూ మీరే మూసేశారు. ఆ తర్వాత పది అడుగుల దూరంలో ఒకరికొకరు ఎదురుపడతారు. వేల ఏళ్లు పులులతో కలిసి బతికిన జంతువు అది. హఠాత్తుగా ఎదురుపడితే పారిపోవడం కంటే ముందు మీదపడటమే దానికి తెలిసిన ఆత్మరక్షణ. మగది నూటనలభై కిలోల దాకా ఉంటుంది. చెదలపుట్టలు తవ్వే పొడుగాటి గోళ్లు. నేరుగా ముఖానికి, తలకు వస్తుంది.

2010 జనవరి. తుమకూరు వైపు ఒక గుట్ట. నాకప్పుడు ఇరవైనాలుగేళ్లు, ఇంకో ఇద్దరు స్నేహితులు. పెద్దవాళ్లెవరూ లేరు, అవసరం లేదనుకున్నాం. తెల్లవారుజామున ఐదుంబావు. చల్లగాలి ముఖానికి కొడుతోంది. గాలి సరిగ్గా ఉందని సైగలు చేసుకుని మురిసిపోయాం కూడా. మాటల్లేవు, బూట్లు ఆనించీ ఆనించనట్టు అడుగులు. ఒక పెద్ద బండ మలుపు దగ్గర ఏదో చప్పుడు. వ్యాక్యూమ్ క్లీనర్ పైపు దుప్పటికి అతుక్కుంటే వస్తుందే, అలాంటిది. బుర్రుమని పీల్చి, ఫూమని ఊది, మళ్లీ పీల్చడం. ఎవరో గుట్ట మీద మోటారు పెట్టారనుకున్నాను! అది ఎలుగు చెదలపుట్టలో మూతి పెట్టి పురుగుల్ని లాగేస్తున్న చప్పుడు. పై వరసలో మధ్య పళ్లు రెండు ఉండవు దానికి, ఆ సందులోంచి పీలుస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న అడవిలో వంద మీటర్ల అవతలికీ వినిపిస్తుంది. తెలిసినవాడు పక్కన ఉంటే అక్కడే మా చొక్కాలు పట్టుకుని వెనక్కి లాగేవాడు. మేం ముందుకు వెళ్లాం.

బండ తిరగ్గానే నల్లగా లేచింది. ఒక అరుపు. ముందు నడుస్తున్నవాడు కిందపడ్డాడు. అంతా పది సెకన్లు కూడా పట్టలేదు. వాడి నుదుటి పైనుంచి ఎడమ చెవి దాకా తల చర్మం పక్కకు తొలిగి ఉంది. ఎలుగు పొదల్లో ఎటు పోయిందో మేం చూడలేదు. తువ్వాలు గట్టిగా కట్టి, రెండు కిలోమీటర్లు నడిపించి, పాల వ్యాను ఆపి ఎక్కించాం. 38 కుట్లు పడ్డాయి. ఆ మలుపు దగ్గర నేను ముందుండి ఉంటే అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది. వాడు మాత్రం దాన్ని తిట్టడు. "దాని టిఫిన్ టైంలో వెళ్లాంరా" అంటాడు.

ఆ తర్వాత ఏడాది నాకు పావగడ వైపు ఒక పెద్దాయన దొరికాడు. ఒకప్పుడు అటవీశాఖలో వాచర్‌గా పనిచేసి మానేశాడు. ఆ పక్క ఇళ్లలో తెలుగే. ఆయన నడుస్తుంటే నాకు నవ్వొచ్చేది. ప్రతి మలుపులో దగ్గుతాడు, కర్రతో బండను తాటిస్తాడు, లేని మనిషిని పిలుస్తాడు, "ఒరే రామప్పా" అని. ఇదేం పద్ధతి తాతా, జంతువులన్నీ పారిపోవూ అన్నాను. "పోనీలే నాయనా, పోవాలనే కదా. దొంగ మాదిరి పోతే దొంగను కొట్టినట్లే కొడ్తాది. చుట్టం మాదిరి పిల్చుకుంటా పోవల్ల" అన్నాడు.

ఆయన వెంట తిరిగిన రెండేళ్లలో ఎలుగును దగ్గరగా చూసింది ఒక్కసారీ లేదు. గురువు అంటే ఎలుగు వచ్చినప్పుడు కాపాడేవాడని కుర్రాళ్లు అనుకుంటారు. కాదు. ఎదురుపడకుండా చూసేవాడు. కొత్తగా తవ్విన పుట్ట చూస్తే ఆగి మట్టిని వేళ్లతో నలిపేవాడు. లోపలి మట్టి ఇంకా చెమ్మగా ఉంటే, "ఇప్పుడే పోయినాది" అని దారి మార్చేవాడు. చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు, రేగిగింజలతో నిండిన పెంట, ఏ గుహ ముందు ఈగలు ముసురుతున్నాయి, ఏ నెలలో ఏ పండు, అన్నీ ఆయనకు లెక్కే. తల్లి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరిగే రోజుల్లో కొన్ని కోనల వైపు అసలు అడుగుపెట్టనిచ్చేవాడు కాదు. ఇవి మ్యాప్‌లో ఉండవు. మ్యాప్‌లో ఉన్న గుహ ఎలుగుకు బెడ్‌రూమ్, మీకు లొకేషన్ పిన్, అంతే.

ఇంకో మాట. సూర్యోదయం ట్రెక్ అనే ఫ్యాషన్ ఒకటి పట్టుకుంది అందరికీ. ఎలుగు సాయంత్రం చీకటి పడే వేళ బయల్దేరి, రాత్రంతా తిని, తెల్లవారుజామున బండల్లోకి తిరిగొస్తుంది. మీరు సరిగ్గా నాలుగింటికి టార్చి పట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అదే బండలెక్కుతారు. పర్మిట్ ఉన్న దారిలో, చెప్పిన వేళల్లో, గుంపుగా, మాట్లాడుకుంటూ వెళ్లండి. అది చాదస్తం కాదు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

చెట్టెక్కితే తప్పించుకోవచ్చు: తేనెపట్టు కోసం చెట్లెక్కే జంతువు అది. మీకంటే బాగా ఎక్కుతుంది.

పల్లానికి పరిగెడితే దాని జుట్టు కళ్లకడ్డం పడుతుంది: ఇది ఎవరు పుట్టించారో గానీ ఊరూరా ఉంది. పల్లానికైనా మెరకకైనా మనిషి కంటే వేగంగా పరిగెడుతుంది. పరిగెడితే మీరు బోర్లా పడటం ఖాయం, అదీ రాళ్ల మీద.

భల్లూకపు పట్టు: మాట బాగుంది, వాడుకోండి. నిజానికది కావలించుకుని నలిపేయదు. పంజాతో కొడుతుంది, కరుస్తుంది.

ఊపిరి బిగబట్టి పడుకుంటే వాసన చూసి వెళ్లిపోతుంది: చిన్నప్పటి ఇద్దరు స్నేహితుల కథ. ఇందులో సగం నిజముంది, సగం ప్రాణం తీసేది. దూరంగా కనబడినప్పుడు పడుకోకండి. అది మిమ్మల్ని చూడకపోతే సద్దు లేకుండా వెనక్కి వచ్చేయండి. చూస్తే దాని వైపే ముఖం పెట్టి, మెల్లగా మాట్లాడుతూ, అది పోవడానికి దారి వదిలి వెనక్కి అడుగులేయండి. మీద పడబోతోంది, తప్పదు అన్నప్పుడు మాత్రం బోర్లా పడుకోండి. వెల్లకిలా కాదు. ముఖం నేలకు, చేతివేళ్లు మెడ వెనక బిగించి, వీపున బ్యాగు అలాగే ఉంచి. పోరాడకండి. అది వెళ్లిందని నిర్ధారణ అయ్యేదాకా లేవకండి.

పెప్పర్ స్ప్రే ఉంది: హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే డబ్బా ఎలుగుల కోసం చేసే స్ప్రే కాదు. అసలైనదే ఉన్నా, పది అడుగుల దూరంలో ఉలిక్కిపడినప్పుడు జేబులోంచి తీసే టైం ఎక్కడిది?

ఆడవాళ్లను గుహకు ఎత్తుకుపోతుంది: పుకారు. దీని మీద ఇంకో వాక్యం రాయను.

ఎలుగు మచ్చికైన జంతువే, చిన్నప్పుడు వీధిలో ఆడించేవాళ్లు: నన్నూ దడుపు జ్వరం పోవాలని ఎలుగు మీద కూర్చోబెట్టారట, మెడలో దాని వెంట్రుకల తాయెత్తు కట్టారట. ఆ జంతువు అలా నిలబడింది మచ్చికై కాదు. ముక్కులోంచి కాల్చిన చువ్వ దూర్చి తాడు కట్టి, పళ్లు పీకేసేవాళ్లు. ఆడించేవాళ్ల దగ్గర్నుంచి విడిపించిన ఎలుగుల్ని బన్నేర్‌ఘట్టలో ఉంచారు. ఒకసారి వెళ్లి వాటి మూతులు చూడండి.

ఊరంతా కర్రలతో తరిమితే పోతుంది: 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగు ఒకరిని చంపి పలువురిని గాయపరిచింది. చివరికి పట్టుకున్నాక అదీ బతకలేదు. ఊళ్లోకొస్తే తలుపులు వేసుకుని అటవీశాఖకు ఫోన్ చేయాలి. గుంపు చుట్టుముడితే దానికి పోయే దారి ఉండదు. ఉద్దానం జీడితోటల్లో పనిచేసేవాళ్ల భయం వేరే సంగతి. వాళ్లు సరదాకు వెళ్లడం లేదు, కూలికి వెళ్తున్నారు. వాళ్లను చూసి నవ్వే హక్కు మనకు లేదు.

గాయం గురించి చెప్పకపోతే తప్పు. మా వాడిని మొదట తీసుకెళ్లిన ఆసుపత్రిలో కుట్లు వేశారు గానీ రేబిస్ ఇంజక్షన్ మాటే ఎత్తలేదు. "కుక్క కాదు కదా" అన్నారు. రెండోచోట ఒక సీనియర్ డాక్టరమ్మ అడిగి తల పట్టుకున్నారు. అడవిజంతువు ఏది కరిచినా దాన్ని మూడో కేటగిరీ, అంటే అన్నిటికంటే తీవ్రమైన గాయంగానే చూడాలి. వ్యాక్సిన్‌తో పాటు గాయంలో ఇమ్యూనోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే రెడీమేడ్ యాంటీబాడీల మందు) కూడా వేయాలి. కుట్లు తప్పనిసరైతే అది వేశాకే. టెటనస్ ఎలాగూ ఉంటుంది. డాక్టరు మర్చిపోతే మీరు అడగండి, మొహమాటపడకండి.

కొడుకు ట్రెక్కుకు వెళ్తున్నాడంటే గుంటూరు నుంచో కర్నూలు నుంచో ఫోన్ చేసే అమ్మలు నాకు చాలామంది. "అక్కడ ఎలుగులుంటాయంట కదా బాబూ." ఉంటాయమ్మా, ఎప్పటినుంచో ఉన్నాయి. పర్మిట్ ఉన్న దారిలో పగటిపూట ఇరవైమంది కబుర్లాడుకుంటూ నడిచే చోటికి అవి రావాలని కోరుకోవు. మీ అబ్బాయి గుంపు వదిలి పక్కకు పోకుండా నేను చూసుకుంటాను. ఈ మాట వంద సార్లైనా ఓపిగ్గా చెబుతాను. కొడుకులతోనే నాకు ఓపిక ఉండదు.

ఒంగోలు కుర్రాడిని గంటసేపు తిట్టి, రామనగర మాన్పించి దరోజి పంపాను. వాచ్‌టవర్ మీదినుంచి సాయంత్రం ఒక తల్లి, దాని వీపు మీద పిల్ల. ఫొటోలో రెండు నల్లటి చుక్కల్లా ఉన్నాయి. రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు. "అంతా బాగుంది గానీ అన్నా, మీరు చెప్పిన ఆ పీల్చే చప్పుడు మాత్రం వినబడలేదు" అన్నాడు, కాస్త నిరాశగానే.