జ్వరం తగ్గాక మెట్లెక్కితే

పోయిన వానాకాలం నాకు డెంగీ వచ్చింది. తొమ్మిది రోజులు మంచం దిగలేదు. ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటాయని రిపోర్టు చేతికొచ్చిన రోజే మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పాడైంది. మూడో అంతస్తే కదా అని మెట్లెక్కాను. రెండో అంతస్తు దగ్గరే కాళ్లు తేలిపోయాయి. రెయిలింగ్ పట్టుకుని నిలబడి మణికట్టు మీద వేళ్లు పెట్టి చూసుకుంటే నాడి 15 సెకన్లలో 34 సార్లు కొట్టుకుంది. అంటే నిమిషానికి 136. జ్వరానికి ముందు అవే మెట్లు బియ్యం సంచీతో ఎక్కినవాణ్ని.

"తిండి లేక నీరసంరా" అంది అమ్మ. అందులో కొంత నిజం ఉంది. మిగతా సంగతి 1966లోనే అమెరికాలోని డాలస్‌లో బయటపడింది. అక్కడి పరిశోధకులు 20 ఏళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు కుర్రాళ్లను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. జబ్బు లేదు, జ్వరం లేదు, ఊరికే పడుకోవడమే. లేచేసరికి వాళ్ల ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్లు పోయాక అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. వయసు మీద పడి ఇన్నేళ్లలో తగ్గినదాని కన్నా, ఆ మూడు వారాల పడకతో తగ్గిందే ఎక్కువ!

పడుకుంటే కాళ్లలో ఉండాల్సిన రక్తం కొంత ఛాతీవైపు చేరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయి. కొద్ది రోజుల్లోనే రక్తంలో ప్లాస్మా, అంటే దాని ద్రవభాగం, తగ్గుతుంది. ఇక లేచి నడిస్తే గుండెకు చేరే రక్తం తక్కువ, అది కొట్టుకున్న ప్రతిసారీ బయటికి పంపేదీ తక్కువ. చెంబుతో తోడాల్సిన నీళ్లు గ్లాసుతో తోడాల్సి వస్తే చెయ్యి ఎంత వేగంగా ఆడాలి? నా 136 అదే.

జ్వరం ఉండగానే జిమ్‌కెళ్లి చెమట పట్టిస్తే దిగిపోతుందనే కుర్రాళ్లున్నారు. అది మొండితనం. ఒక డిగ్రీ సెల్సియస్ జ్వరానికే గుండె నిమిషానికి సుమారు పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. పైగా కొన్ని వైరస్‌లు గుండె కండరాన్నే వాచేలా చేస్తాయి. అలాంటప్పుడు క్రీడాకారులను సైతం నెలల తరబడి ఆటకు దూరంగా ఉంచుతారు. జ్వరం తగ్గాక ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే వాకింగ్ ఊసెత్తకుండా ముందు డాక్టర్ దగ్గరికెళ్లి ఈసీజీ తీయించుకోవాలి.

నేను డాబా మీద పది నిమిషాల నడకతో మొదలుపెట్టాను. ఫోన్‌లో ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత వేగమే. పొద్దున్నే మంచం దిగకముందు నాడి చూసుకునేవాణ్ని. మామూలుగా 66 ఉండేది మొదటి వారం 82 ఉంది. ముందురోజు కన్నా పెరిగితే ఆ రోజు నడక లేదు.

అందరికీ ఈ లెక్క కుదరదు. కోవిడ్ లాంటి వాటి తర్వాత కొందరు నడిచిన రోజు బాగానే ఉండి, మర్నాడో ఎల్లుండో మంచం పడతారు. రోజూ కొంచెం పెంచుకుంటూ పోవడం వాళ్లకు చేటు. దీర్ఘకాలిక అలసట జబ్బుకు అలా లెక్క కట్టి వ్యాయామం పెంచే పద్ధతి వద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2021లో తేల్చి చెప్పింది.

డాలస్ ఐదుగురు 50 ఏళ్ల వయసులో ఆరు నెలలు మెల్లగా సాధన చేసి, 20 ఏళ్లప్పటి స్థాయికి మళ్లీ చేరుకున్నారు. నాకు ఐదో వారానికి అదే రెండో అంతస్తు దగ్గర నాడి 15 సెకన్లకు 27 వచ్చింది. బియ్యం సంచీ మాత్రం ఇంకా లిఫ్ట్‌లోనే వస్తోంది.