డ్రాయింగ్ రాదనే పిల్లలకి, కుకీల మీద ఐసింగ్ గురించి

పిల్లలూ,

మాకు డ్రాయింగ్ రాదు కాబట్టి ఐసింగ్, అదే, కుకీల మీద పంచదార పూతతో బొమ్మలు వేసే పని జోలికి పోము, తినే పని మాత్రం మాకు వదిలెయ్యండి అని మీలో ఇద్దరు ముగ్గురు తేల్చి చెప్పేశారట, మీ అమ్మలు ఫోన్లో చెప్పి ఒకటే నవ్వడం. తినే పనికి నేను అడ్డురాను గానీ మొదటి మాట మాత్రం ఒప్పుకోను. కుకీ మీద బొమ్మ కుదరడం, కుదరకపోవడం మీ చేతి కంటే గిన్నెలో పోసిన నీళ్ళ మీదే ఎక్కువ ఆధారపడుతుంది. పంచదార పొడిలో ఎన్ని చుక్కలు పడ్డాయి, ఒక రంగు వేశాక ఎంతసేపు ఆగారు, ఈ రెండూ తెలిస్తే గుండ్రంగా సున్నా చుట్టడం రానివాళ్ళు కూడా ముచ్చటైన కుకీలు చేస్తారు. అదెలాగో చెబుదామనే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఈ కుకీల ఊరు చెప్తాను. నేనుండే అమెరికాలోని పెన్సిల్వేనియాలో బేత్లెహేము, నజరేతు అని పక్కపక్కనే రెండు ఊళ్ళున్నాయి, బైబిల్లో పేర్లే. జర్మన్ మాట్లాడే మొరావియన్ క్రైస్తవులు వచ్చి కట్టుకున్న ఊళ్ళు అవి, బేత్లెహేము 1741 నాటిది. షుగర్ కుకీ నజరేతులోనే పుట్టిందని ఇక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. వెన్న, పంచదార, పిండి కలిపి కాల్చడం ఏ ఒక్క ఊరి సొత్తూ కాదని నా అభిప్రాయం, అయినా వాళ్ళ ముచ్చట మనమెందుకు కాదనాలి! ఒకావిడ రాయగా 1796లో ఈ దేశంలో అచ్చయిన ఒక వంటల పుస్తకంలో క్రిస్మస్ కుకీ చేసే విధానం ఉంది, అందులో పడేది ఏమిటో తెలుసా, ధనియాల పొడి. పైగా ఆ కుకీలు మొదట్లో గట్టిగా ఉన్నా మట్టికుండలో పెట్టి ఆరు నెలలు ఉంచితే మెత్తబడి ఇంకా బాగుంటాయని రాసిందావిడ. మన ఇళ్ళల్లో ఆరు రోజులు మిగిలితే గొప్ప.

పిండి మీద పంచదారతో బొమ్మలు వేసే సరదా అమెరికాదే అనుకోకండి. క్రొయేషియా ఉత్తర ప్రాంతంలో హృదయం ఆకారంలో రొట్టె బిస్కెట్ కాల్చి, ఎర్రటి రంగు పూసి, అంచుల చుట్టూ తెల్లటి ఐసింగ్‌తో అల్లిక అల్లి, కొన్నిటికి మధ్యలో చిన్న అద్దం కూడా అతికిస్తారు. పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ విద్యని యునెస్కో 2010లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఫోటోలు దొరుకుతాయి, వెతికి చూడండి. ఎరుపు, తెలుపు రెండే రంగులు, అయినా కళ్ళు తిప్పుకోలేం.

ఇక పని. 100 గ్రాముల బటర్ ప్యాకెట్ ఒకటి బయట పెట్టి మెత్తబడనివ్వండి, కరగనివ్వొద్దు. అందులో 80 గ్రాముల పంచదార పొడి వేసి తెల్లబడేదాకా కలిపి, 170 గ్రాముల మైదా, చెంచాడు వెనీలా ఎసెన్స్ వేయండి. ముద్ద కట్టకపోతే ఒకటో రెండో చెంచాల పాలు, అంతకుమించి వద్దు. ఇది గుడ్డు లేని పద్ధతి, మన ఇళ్ళల్లో అందరూ తింటారని ఇదే రాస్తున్నాను. మన బటర్‌లో ఉప్పు ఎలాగూ ఉంటుంది, మళ్ళీ వేయకండి. బేకింగ్ పౌడర్ కూడా వేయకండి. అది వేస్తే పిండి పొంగి, మీరు కోసిన నక్షత్రం కాళ్ళు చేతులు ఊడి గుండ్రంగా తయారవుతుంది. ముద్దని రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి చపాతీ కర్రతో అర సెంటీమీటరు కంటే కాస్త మందంగా వత్తి, అలాగే ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచి, చల్లగా ఉన్నప్పుడే కోయాలి. కట్టర్లు లేకపోతే గ్లాసు అంచు చాలు. చల్లటి బటర్ వేడికి వెంటనే కరిగి పారిపోదు, అందుకే అంచులు కోసినవి కోసినట్టు నిలుస్తాయి. 175 డిగ్రీల ఓవెన్‌లో 10 నుంచి 12 నిమిషాలు, అంచు కొంచెం రంగు మారగానే తీసేయండి. అప్పటికి మధ్యలో మెత్తగానే ఉంటుంది, కాలలేదని మళ్ళీ లోపల పెట్టకండి, చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. 15 దాకా వస్తాయి.

ఓవెన్ లేనివాళ్ళు గాస్కెట్, విజిల్ తీసేసిన పాత కుక్కర్‌లో ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, సన్న సెగ మీద కాల్చుకోవచ్చు, కాకపోతే టైమ్ ఎక్కువ పడుతుంది, పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. అదీ వీలు కాకపోతే మారీ బిస్కెట్ల ప్యాకెట్ తెచ్చుకోండి. నేర్చుకోవడానికి అంతకంటే చవకైన పలక లేదు.

కుకీలు పూర్తిగా చల్లారాకే ఐసింగ్. వెచ్చగా ఉంటే కారిపోతుంది.

బేకరీల్లో, క్రిస్మస్ కుకీల మీద గట్టిగా టక్కున విరిగే తెల్లటి పూత ఉంటుంది చూశారా, దాన్ని రాయల్ ఐసింగ్ అంటారు. గుడ్డు తెల్లసొనలో ఐసింగ్ షుగర్, అంటే బాగా మెత్తటి పంచదార పొడి, వేసి గిలక్కొట్టి చేస్తారు. తెల్లసొనలోని ప్రొటీనే దాన్ని అంత గట్టిగా ఆరనిస్తుంది. గిన్నెకి ఏమాత్రం నూనె జిడ్డు ఉన్నా సొన నురగ కట్టదు, అందుకని గిన్నెని శుభ్రంగా తుడుచుకోవాలి. పచ్చి గుడ్డు పిల్లలకి మంచిది కాదు కాబట్టి ఇక్కడ చాలామంది మెరింగ్ పౌడర్ వాడతారు, అది ఎండబెట్టిన తెల్లసొనతో చేసిన పొడి. మీరు మాత్రం ప్రస్తుతానికి గుడ్డు సంగతి వదిలేసి ఒక కప్పు ఐసింగ్ షుగర్‌లో రెండు చెంచాల పాలు, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి కలపండి. ఇది రాయల్ ఐసింగ్ అంత గట్టిపడదు గానీ పైన పొర కడుతుంది, తినడానికి నిజానికి ఇదే బాగుంటుంది. ఇంట్లో పంచదార మిక్సీ పట్టుకునేవాళ్ళు కప్పుకి ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి పల్చటి గుడ్డలోంచి జల్లించాలి. ఒక్క పలుకు మిగిలినా, ఐసింగ్ పోసి పిండే కోన్ మూతికి అడ్డం పడుతుంది, అప్పుడు విసుగొచ్చి గట్టిగా నొక్కుతారు, నొక్కితే కోన్ వెనక నుంచి పిగిలి చొక్కా మీద పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. కలిపిన ఐసింగ్‌లో చాకుతో ఒక గీత గీసి మనసులో అంకెలు లెక్కపెట్టండి. గీత పూడిపోయి పైభాగం మళ్ళీ నున్నగా అవడానికి 10 నుంచి 15 సెకన్లు పడితే అది కుకీ మీద నింపడానికి సరిపోయే ఐసింగ్. ఐదు లోపే పూడిపోతే పల్చనైంది, అంచు దాటి పారుతుంది, ఇంకాస్త పొడి కలపండి. ముప్పై లెక్కపెట్టినా గీత కనబడుతుంటే అది అంచులు గీయడానికి పనికొస్తుంది, నింపడానికి కాదు. కాబట్టి మొదట చిక్కగా కలిపి, కొంత కోన్‌లో పోసుకుని, మిగిలినదాంట్లో నీళ్ళు చుక్కచుక్కగా, చెంచాతో కాకుండా వేలికొనతో వేస్తూ పల్చన చేసుకోవాలి. అర చెంచా నీళ్ళు ఎక్కువైతే గిన్నెడు ఐసింగ్ తీరు మారిపోతుంది. బొమ్మ పాడైందని మీరు అనుకునే ప్రతిసారీ ముందు ఈ గీత పరీక్ష చేసి చూడండి.

కోన్‌కి బజారుకి పరిగెత్తక్కర్లేదు. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన మందపాటి ప్లాస్టిక్ కవర్ చాలు, గోరింటాకు కోన్ చుట్టడం వచ్చినవాళ్ళు మీ ఇంట్లోనే ఉంటారు, అడగండి. మూతి మాత్రం చివరి నిమిషంలో, అతి సన్నగా కత్తిరించండి. అంచు గీసేటప్పుడు కోన్ మూతిని కుకీకి ఆనించి లాగకండి, అలా లాగితే చేతి వణుకంతా గీతలో కనబడుతుంది. మూతిని కుకీ మీద ఒకచోట ఆనించి, వెంటనే ఒక సెంటీమీటరు పైకి లేపి, గీతని గాల్లోంచి కిందికి జారనిస్తూ వెళ్ళండి. ముగ్గు వేసేటప్పుడు అమ్మమ్మ వేళ్ళు నేలకి తగలవు, పిండి పైనుంచి జారుతుంది చూడండి, అచ్చం అలాగే. గీత దానంతటదే తిన్నగా పడుతుంది. అంచు కొంచెం ఆరాక లోపల పల్చటి ఐసింగ్ పోసి, టూత్‌పిక్‌తో మూలల దాకా తోసి, కుకీని బల్లకేసి రెండుసార్లు మెల్లగా తట్టండి. బుడగలు పైకొస్తే టూత్‌పిక్‌తో పొడిచేయండి.

డ్రాయింగ్ రాదన్నవాళ్ళకి ఇక్కడొక చిట్కా. తెల్లటి పూత ఇంకా తడిగా ఉండగానే దాని మీద ఎర్రటి ఐసింగ్ చుక్కలు ఒకే వరసలో నాలుగు పెట్టండి. టూత్‌పిక్‌ని మొదటి చుక్కకి కాస్త ముందు దించి, ఎత్తకుండా, నాలుగు చుక్కల మధ్యలోంచీ ఒకే ఊపులో లాగేయండి. పుల్ల చుక్కలోకి దూరేచోట నొక్కు పడుతుంది, బయటికొచ్చేచోట కొన సాగుతుంది. నాలుగు చుక్కలూ నాలుగు హృదయాలైపోతాయి! మీరు గీసింది ఒక్క గీత, ఆకారం తెచ్చింది తడి. రెండు ఐసింగ్‌లూ ఒకే పల్చదనంలో ఉండాలన్నది ఒక్కటే షరతు. చుక్కలకి బదులు అడ్డగీతలు గీసి, పుల్లని ఒకసారి పైనుంచి కిందికీ, మరోసారి కిందనుంచి పైకీ లాగితే చేప పొలుసుల్లాంటి డిజైన్ వస్తుంది. చేప ఆకారంలో కోసిన కుకీ మీద వేసి చూడండి. ప్రతిసారీ పుల్ల కొన తుడుచుకోవాలి, లేకపోతే రంగులు కలిసిపోతాయి.

రంగుల దగ్గర తొందరపడకండి. జెల్ రంగు దొరికితే మంచిది, నీళ్ళలాంటి రంగు వేస్తే ఐసింగ్ మళ్ళీ పల్చబడుతుంది. ఏ రంగైనా ఆరేకొద్దీ ముదురుతుంది, అందుకే మీకు కావాల్సిన దానికంటే ఒక వాసి లేతగా కలపండి. ఎరుపు, నలుపు మొండివి, ఎంత వేసినా చాలదనిపిస్తుంది, కలిపి ఒక గంట పక్కన పెడితే వాటంతటవే చిక్కబడతాయి. ఎరుపు పక్కన తెలుపు వేయాలంటే మొదటిది పూర్తిగా ఆరాలి, లేకపోతే ఎరుపు కారి తెల్లదంతా గులాబీ అవుతుంది. వంటింటి రంగులతో ఆడుకోవాలనుంటే బీట్‌రూట్ రసం ఉంది, ఎర్ర క్యాబేజీ ఉడికించిన నీళ్ళు ఉన్నాయి. క్యాబేజీ నీళ్ళు ఊదారంగులో ఉంటాయి, చిటికెలో సగం వంటసోడా వేస్తే నీలం అవుతాయి. పసుపులో సోడా పడితే పారాణిలా ఎర్రబడుతుంది, ఇది చూడ్డానికే గానీ సోడా ఎక్కువైతే నోట్లో పెట్టుకోలేం. వెండి రంగు పూసలు చల్లకండి, ఇక్కడ ఆ డబ్బా మీదే అలంకరణకి మాత్రమే అని రాసి ఉంటుంది.

ఒక మాట, వీడియోల్లో చూపించే ఏడు రంగుల, మూడు అంతస్తుల కుకీలంటే నాకు పెద్ద ఇష్టం లేదు. అంత పంచదార ఎవరు తింటారు, ఫోటో తీసి పక్కన పెట్టడానికే కదా. రెండు రంగులు, పల్చటి పూత, నిమ్మరసం పులుపు, ఇవి చాలు.

ఇక ఆరబెట్టడం. మాకిక్కడ డిసెంబర్‌లో హీటర్ల వల్ల ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది, రాత్రి వేస్తే పొద్దుటికి ఆరిపోతుంది. కాకినాడ, విశాఖలో ఉన్నవాళ్ళకి ఆ గాలి తేమకి ఒక పగలూ ఒక రాత్రీ పట్టొచ్చు, ఫ్యాన్ కింద పెట్టండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, బయటికి తీయగానే చెమట పట్టి రంగులు కారతాయి. పైన వేలితో తాకితే అంటకపోయినా లోపల తడి ఉంటుంది, అందుకే ఒకదాని మీద ఒకటి పేర్చే ముందు ఇంకో పూట ఆగి, మధ్యలో బటర్ పేపర్ వేయండి.

రాత్రంతా బయట పెడితే చీమలు ఊరుకోవు కదా. పెద్ద పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద కుకీల ట్రే పెట్టండి, ట్రే అంచు గోడకి ఆనకుండా చూసుకోండి. ఫ్యాన్ గాలికి నీళ్ళు తగ్గుతాయి, పడుకునే ముందు ఇంకో చెంబుడు పోయండి. అయ్యాక ఫోటోలు పంపండి, రంగు కారినవి కూడా పంపండి, ఏ గిన్నెలో నీళ్ళు ఎక్కువయ్యాయో చూసి చెప్తాను.

ఉంటాను,
మీ పెద్దమ్మ