విరుంగా అగ్నిపర్వతాలు: అపోహలు - వాస్తవాలు

కాంగో, రువాండా, ఉగాండా సరిహద్దులు కలిసే చోట ఎనిమిది పెద్ద అగ్నిపర్వతాలు వరుస కట్టాయి. అదే విరుంగా శ్రేణి.

అపోహ: ఎనిమిదీ ఒకేలా ప్రమాదకరం.
వాస్తవం: తరచూ లావా కక్కేవి పడమటి కొసనున్న న్యీరాగోంగో (3,470 మీ.), న్యామురాగిరా (3,058 మీ.) మాత్రమే. రెండూ కాంగోలోవే. అన్నిటికన్నా ఎత్తైన కరిసింబి (4,507 మీ.) నిద్రలో ఉంది. మూడు దేశాల హద్దులూ కలిసే సబీన్యో ఎప్పుడో చల్లారి, అరిగిపోయి, మొనలు మొనలుగా మిగిలింది. ఆ పేరుకు అర్థం ముసలాయన పళ్లు. అలాగని మిగతా ఆరూ చచ్చిపోయాయని అనుకోకూడదు: 1957లో బిసోకే శిఖరానికి దాదాపు 11 కి.మీ. ఉత్తరాన నేల తెరుచుకుని లావా వచ్చింది.

అపోహ: లావా మెల్లగా పాకుతుంది, నడిచి తప్పించుకోవచ్చు.
వాస్తవం: న్యీరాగోంగో లావాలో సిలికా 40 శాతం కన్నా తక్కువ. చిక్కదనం లేదు కాబట్టి పల్లానికి నీళ్లలా జారుతుంది. 1977 జనవరి 10న కొండ పక్కలు చీలి, బిలంలోని లావా సరస్సు గంటలోపే ఖాళీ అయింది. పైవాలులో దాని వేగం గంటకు 60 కి.మీ. దాకా ఉందని అంచనా.

అపోహ: బిలం మీద కన్నేసి ఉంచితే చాలు.
వాస్తవం: న్యీరాగోంగోకు దక్షిణాన, కివూ సరస్సు ఒడ్డునున్న గోమా నగరానికి ముప్పు బిలం అంచు పొంగి రాదు, దక్షిణ వాలు చీలి వస్తుంది. 2002 జనవరి 17న పగుళ్లు ఊరి వైపే దిగాయి. లావా నగరం మధ్యగా పారి, విమానాశ్రయం రన్‌వే ఉత్తర కొసను కప్పేసి, కివూ సరస్సులో పడింది. 2021 మే 22న ముందస్తు సంకేతాలు దాదాపు లేకుండానే మళ్లీ చీలింది. లావా ఊరి అంచున ఆగినా, శిలాద్రవం నగరం కిందుగా సరస్సు వైపు సాగడంతో రోజుల తరబడి భూమి కంపించింది.

అపోహ: విషవాయువు ఉంటే వాసనతో తెలుస్తుంది.
వాస్తవం: అక్కడి వాళ్లు మజుకు అనేది నేల పగుళ్లలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు. గాలి ఆడని రాత్రిళ్లు, తెల్లవారుజామున పల్లాల్లో పేరుకుంటుంది. నిలబడ్డ మనిషికి ఏమీ తెలియని చోటే పిల్లలు, మేకలు కూలిపోతారు. గుంటలో చచ్చిన పక్షులు కనబడితే దిగొద్దు, పక్కన పడుకోవద్దు. ఎవరైనా పడిపోతే లేపడానికి వంగిన మనిషి కూడా అక్కడే పడిపోతాడు. శ్వాస పరికరం లేకుండా దిగకండి, తాడు అందితే పైనుంచే లాగండి.

అపోహ: పక్కనున్న రువెంజోరీ కూడా అగ్నిపర్వతమే.
వాస్తవం: కాదు. అది భూపటలం పైకి లేచి ఏర్పడిన కొండ.