కోడిపిల్లకు కుడి ఎడమలు ఎక్కడ మొదలవుతాయి?

కోడిపిల్ల నూక గింజను ఇసుకరాయి నుంచి వేరుచేసి పొడవడానికి కుడికంటిని నమ్ముకుంటుంది. పైన గద్ద తిరుగుతోందేమోనని చూసేది ఎక్కువగా ఎడమకంటితో. పక్షుల్లో ఒక్కో కంటి నాడులు దాదాపు పూర్తిగా ఎదుటిపక్క మెదడుకే వెళతాయి కాబట్టి, ఇది మెదడు రెండు సగాల మధ్య జరిగిన పని పంపకం.

ఇలాంటి పంపకం జంతువుల్లోనూ ఉందని ఒప్పుకోవడానికి శాస్త్రవేత్తలకు వందేళ్లు పట్టింది. మాట పుట్టే చోటు ఎడమ మెదడులో ఉందని 1860లలో ఫ్రెంచ్ వైద్యుడు పాల్ బ్రోకా చెప్పాక, అది మనిషికి మాత్రమే దక్కిన ప్రత్యేకత అన్న నమ్మకం పాతుకుపోయింది. మన గొప్ప మీద మనకు అంత ధీమా! 1970 ప్రాంతంలో శాస్త్రవేత్త ఫెర్నాండో నాటెబామ్ చాఫించ్ అనే పాడే పిట్టల గొంతుకు వెళ్లే ఎడమ నాడిని కోసి చూశారు. పాట చాలావరకు పోయింది. కుడి నాడిని కోస్తే అంత నష్టం లేదు.

1979లో ఆస్ట్రేలియాకు చెందిన లెస్లీ రోజర్స్ కోడిపిల్లల్లోనూ ఇలాంటి తేడానే చూపారు. మరి అది ఎలా వస్తుంది? జవాబు గుడ్డులోనే దొరికింది. ఇరవై ఒక్క రోజుల పొదుగులో చివరి రోజులకు పిండం తల తిప్పి పడుకుంటుంది. ఎడమకన్ను ఒంటికి ఆనుకుని మూసుకుపోతుంది, కుడికన్ను పెంకు వైపు ఉంటుంది. పెట్ట మేతకు లేచి వెళ్లినప్పుడల్లా పెంకులోంచి దిగే వెలుతురు ఆ కంటికే తగులుతుంది. చీకట్లో పొదిగిస్తే కొన్ని పనుల్లో పిల్లలన్నీ ఒకే పక్కకు మొగ్గడం కనిపించలేదని రోజర్స్ 1982లో ప్రకటించారు. తరువాతి ప్రయోగాల్లో పిండం తలను గుడ్డు బయటికి తీసి, కుడికన్ను కప్పి, ఎడమకంటికి వెలుతురు చూపితే పంపకమే తారుమారైంది.

జన్యువులా, పరిసరాలా అన్న పాత తగాదా ఇక్కడ నాకు అర్థంలేనిదిగా కనిపిస్తుంది. తల తిప్పే తీరు వంశంలో వచ్చింది, వెలుతురు బయటి నుంచి వచ్చింది. రెండూ కలిస్తేనే ఫలితం.

దీనివల్ల లాభమేమిటో 2004లో తేలింది. వెలుతురు తగిలిన పిల్లలు గింజలు ఏరుకుంటూనే, తలపై ఎగిరే గద్ద బొమ్మను కనిపెట్టగలిగాయి. చీకట్లో పొదిగించినవి రెండు పనులూ ఒకేసారి చేయలేక తడబడ్డాయి. హ్యాచరీల ఇంక్యుబేటర్లలో సాధారణంగా ఉండేది చీకటే కాబట్టి ఇది కోళ్ల పెంపకందారులకూ పట్టే సంగతి.

అయితే అంతా వెలుతురు మహిమ కాదు. చీకట్లో పొదిగిన పిల్లల్లోనూ కొన్ని కుడి ఎడమ తేడాలు అలాగే ఉంటాయి. వాటి మూలాన్ని వెలుతురులో కాక, పిండం ఎదుగుదలలో ఇంకా ముందు దశల్లో వెతుకుతున్నారు.