సొంత పేరుతో ఆడినందుకు పోయిన పతకాలు

2022 జులైలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 110 ఏళ్ల నాటి ఫలితాలను సరిదిద్దింది. 1912 స్టాక్‌హోమ్ క్రీడల్లో పెంటాథ్లాన్ (ఐదు అంశాల పోటీ), డెకాథ్లాన్ (పది అంశాల పోటీ) రెండింటికీ అమెరికా అథ్లెట్ జిమ్ థోర్ప్ ఒక్కడే విజేత అని ప్రకటించింది. ఆయన 1953లోనే చనిపోయాడు. ఇంత ఆలస్యానికి మూలం రెండు వేసవుల బేస్‌బాల్.

థోర్ప్ ఓక్లహోమాకు చెందిన శాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. ఆదివాసీ పిల్లల కోసం అమెరికా ప్రభుత్వం పెన్సిల్వేనియాలో నడిపిన కార్లైల్ స్కూల్లో చదివాడు. పరుగు పందేల్లోనూ అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ అక్కడే పేరు తెచ్చుకున్నాడు. 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినా వెళ్లి రాకీ మౌంట్ బేస్‌బాల్ జట్టుకు పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) ఆడాడు. చేతికొచ్చిన డబ్బు చాలా తక్కువ. కాలేజీ కుర్రాళ్లు సెలవుల్లో అలా డబ్బుకు ఆడటం అప్పట్లో మామూలే. చాలామంది మారుపేర్లతో ఆడేవారు. థోర్ప్ పేరు మార్చుకోలేదు.

ఆ పిచరే స్టాక్‌హోమ్ పెంటాథ్లాన్‌లో 200 మీటర్లు 22.9 సెకన్లలో పరిగెత్తాడు. అందులోని ఐదు అంశాల్లో నాలుగు ఆయనవే. డెకాథ్లాన్‌లో 100 మీటర్లు 11.2 సెకన్లలో ముగించాడు. స్వీడన్‌కు చెందిన హ్యూగో వీస్లాండర్ దాదాపు 700 పాయింట్ల తేడాతో రెండో స్థానంలో నిలిచాడు.

1913 జనవరిలో అమెరికాలోని వూస్టర్ నగర పత్రిక ఒకటి ఆ బేస్‌బాల్ సంగతి బయటపెట్టింది. డబ్బు తీసుకున్నవాడు అమెచ్యూర్ (డబ్బు ఆశించకుండా ఆడేవాడు) కాడు, కాబట్టి ఒలింపిక్స్‌కు అనర్హుడన్నారు. అమెరికా క్రీడా పెద్దలు ఆయన పక్షాన నిలబడకుండా పతకాలు తిరిగి పంపించేశారు. తాను ఒక ఆదివాసీ స్కూలు కుర్రాడినని, ఈ నిబంధనలేవీ తెలియవని థోర్ప్ లేఖ రాసుకున్నా ఎవరూ వినలేదు. నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. అభ్యంతరం ఏదైనా 30 రోజుల్లోపే చెప్పాలని ఆ క్రీడల నియమావళిలోనే ఉంది. ఫిర్యాదు వచ్చింది ఆరు నెలలకు. అంటే ఆయనను తప్పించినవాళ్లే నియమం తప్పారు.

ఆ తర్వాత థోర్ప్ న్యూయార్క్ జెయింట్స్ బేస్‌బాల్ జట్టులో చేరి 1919 దాకా అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో ఆడాడు, అయితే పిచర్‌గా కాదు, మైదానం దూరపు భాగంలో బంతి ఆపే ఔట్‌ఫీల్డర్‌గా. ఆ 30 రోజుల నిబంధన ఆధారంగానే 1982లో ఒలింపిక్ కమిటీ దిగొచ్చి, మరుసటి ఏడాది ఆయన పిల్లలకు నకలు పతకాలు ఇచ్చింది. కానీ ఆయనను సహ విజేతగానే చూపింది. ఆ మిగిలిన సగం సరిదిద్దడానికి ఇంకో 39 ఏళ్లు పట్టింది. థోర్ప్‌ను తప్పించాక తనకిచ్చిన డెకాథ్లాన్ స్వర్ణాన్ని వీస్లాండర్ ఎన్నడూ తనదిగా ఒప్పుకోలేదని, అసలు విజేత థోర్పేనని నమ్మాడని ఆయన కుటుంబం, స్వీడిష్ ఒలింపిక్ కమిటీ కూడా చెప్పాయి.